అవినీతి దర్యాప్తులు – న్యాయస్థానముల సంయమనము

గ్రామమునకు మంజూరైన సిమెంటు రోడ్డు సగము దూరమున ఆగిపోయినది. కొలతల పుస్తకములో మాత్రము పని పూర్తియైనట్లు వ్రాసి, బిల్లు చెల్లించివేసిరి. పంచాయతీ సభ్యులు నలుగురు కూడి అవినీతి నిరోధక శాఖకు అర్జీ పెట్టుకొనగా, ఆ శాఖవారు విచారించి కేసు నమోదు చేసిరి. పట్టుమని పదిదినములు గడువకమునుపే ఊరిలో వేరొక మాట పుట్టినది: "ఆ అధికారి హైకోర్టుకు పోయినాడట, కేసు కొట్టివేయుదురట." అర్జీ పెట్టినవారు దిగులుపడిరి. రచ్చబండకడ కూర్చున్నవారు "మేము ముందే చెప్పితిమి గదా" అనిరి.

ఇది ఫలానా గ్రామమున జరిగినదని చెప్పుట లేదు, ఉదాహరణకై కల్పించుకొన్నదే. కాని ఇట్టి మాటలు చెవిని పడని పంచాయతీ సభ్యుడు అరుదు. అధికారిపై కేసు నమోదైన వెంటనే అతడు హైకోర్టు తలుపు తట్టవచ్చునా? తట్టినచో న్యాయస్థానము ఏమి చేయును? ఎంతవరకు చేయును? ఎక్కడ ఆగును? ఈ ప్రశ్నలకు మన సుప్రీంకోర్టు కొన్ని దశాబ్దములుగా సమాధానములు చెప్పుచు వచ్చినది. అవి న్యాయవాదులకు మాత్రమే పనికివచ్చు సంగతులని తలపరాదు. అర్జీ వ్రాయు సభ్యునకును, రేపు తనమీదనే అర్జీ పడినచో ఏమగునోయని భయపడు సభ్యునకును అవి సమానముగా పనికివచ్చును.

మొదట ఒక మాట. కేసు నమోదైన అధికారి హైకోర్టుకు పోవుట తప్పు కాదు. అది అతని హక్కు. న్యాయము తప్పుదారి పట్టకుండ చూచుటకై హైకోర్టునకు సహజముగా నుండు అధికారమును పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 482వ సెక్షను గుర్తించెడిది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే అధికారము 528వ సెక్షనున నున్నది. ఈ అధికారము చాల విశాలమైనది. విశాలమైనది గనుకనే దానిని మితముగా వాడవలెనని న్యాయస్థానములు తమకు తామే కట్టుబాటు విధించుకొన్నవి. సంయమనమనగా ఇదియే. అధికారము లేక ఊరకుండుట సంయమనము కాదు. ఉండియు, తగిన సమయము వచ్చునంతవరకు వాడకుండుట.

ఈ కట్టుబాటునకు మూలము స్వాతంత్ర్యమునకు ముందే కలదు. లాహోరు హైకోర్టు ఒక కేసులో పోలీసుల దర్యాప్తును మొదటిలోనే రద్దుచేయగా, 1944లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఆ ఉత్తర్వును త్రోసిపుచ్చినది. నేరము జరిగినదని సమాచారము వచ్చినపుడు దర్యాప్తు చేయుట పోలీసుల విధి. అభియోగము తన ముందునకు వచ్చిన పిమ్మట దానిని తూచుట న్యాయస్థానపు విధి. ఒకరి పని మరియొకరి పనికి తోడ్పడవలెనేగాని దానిలోనికి చొరబడరాదు – ఇది ఆ తీర్పు సారము. స్వతంత్ర భారతమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును స్వీకరించి, దానికి కొన్ని హద్దులను చేర్చినది.

హద్దులెందుకనగా, పోలీసు అధికారమునకు సైతము అదుపు అవసరమే. 1947లో లంచగొండితన నిరోధమునకై చేసిన చట్టములో, ప్రజాసేవకులపై దర్యాప్తును డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తక్కువ కాని అధికారి చేయవలెననియు, తక్కువ హోదావాడు చేయవలసివచ్చినచో మేజిస్ట్రేటు అనుమతి పొందవలెననియు విధించిరి. చిన్న ఉద్యోగి పెద్ద అధికారిని బెదరించి వేధింపకుండుటకే ఈ ఏర్పాటు. మరి ఈ నియమమును అతిక్రమించి దర్యాప్తు జరిగినచో కేసు మొత్తము వ్యర్థమగునా? 1954 డిసెంబరులో రిష్బుద్ అను వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పినది. నియమము తప్పక పాటింపవలసినదే. లోపము మొదటిలోనే దృష్టికి వచ్చినచో న్యాయస్థానము దానిని సరిచేయించవలెను. అంతేగాని విచారణ ముగిసి తీర్పు వెలువడిన పిమ్మట, అన్యాయము జరిగినదని చూపనిదే, దర్యాప్తులోని లోపమునుబట్టి ఫలితమును తలక్రిందులు చేయరాదు. పంట ఇంటికి చేరిన తరువాత నాగలి కర్రు వంకరగా నుండెనని ధాన్యమును పారబోయుదుమా?

ఈ విషయమున దేశమంతట నేటికిని చెప్పుకొనునది హర్యానా కేసు. దానిని కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది. 1987లో హర్యానాలో ప్రభుత్వము మారినది. కొత్త ముఖ్యమంత్రి దేవీలాల్. మాజీ ముఖ్యమంత్రి భజన్‌లాల్ తన ఆదాయమునకు మించిన ఆస్తులు కూడబెట్టెనని ఒక వ్యక్తి ఆ సంవత్సరము నవంబరులో ముఖ్యమంత్రికి ఫిర్యాదు నిచ్చెను. అది ముఖ్యమంత్రి కార్యాలయమునుండి పోలీసు శాఖాధిపతికి, అచటినుండి జిల్లా సూపరింటెండెంటునకు, అచటినుండి పోలీసు స్టేషను ఇన్‌స్పెక్టరునకు పోయినది. కేసు నమోదైనది. భజన్‌లాల్ హైకోర్టుకు పోగా, 1988లో పంజాబు–హర్యానా హైకోర్టు ఆ కేసును సమూలముగా రద్దుచేసినది. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసికొన్నది.

1990 నవంబరులో తీర్పు వెలువడినది. న్యాయమూర్తులు రత్నవేల్ పాండ్యన్, కె. జయచంద్రారెడ్డి. జయచంద్రారెడ్డిగారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి సుప్రీంకోర్టునకు వెళ్లినవారు. ఫిర్యాదు చేసినవాడు రాజకీయ ప్రత్యర్థి అని భజన్‌లాల్ పక్షమున గట్టిగా వాదించిరి. న్యాయస్థానము ఆ ఒక్క కారణమును ఒప్పుకొనలేదు. ఫిర్యాదులోని అంశములు చూపునకే నేరమును సూచించుచున్నవి. దర్యాప్తు ఇంకను ఆరంభదశ దాటలేదు. ఈ దశలో నిజానిజములను తేల్చుట తమ పని కాదు అని భావించి, కేసును రద్దుచేసిన హైకోర్టు ఉత్తర్వును కొట్టివేసినది.

ఇచట కథ ముగిసినదనుకొనరాదు. అదే తీర్పులో, అప్పటివరకు జరిగిన దర్యాప్తును సుప్రీంకోర్టే రద్దుచేసినది! ఏలయనగా ఆ ఇన్‌స్పెక్టరునకు దర్యాప్తు నప్పగించిన సూపరింటెండెంటు, చట్టము కోరినట్లు కారణములను ఆలోచించి వ్రాయక, యాంత్రికముగా ఉత్తర్వు నిచ్చెను. కావున ప్రథమ సమాచార నివేదిక నిలిచినది, దర్యాప్తు నిలువలేదు. ప్రభుత్వము కోరినచో తగిన హోదాగల అధికారిచే, చట్టప్రకారము, మరల చేయించుకొనవచ్చునని తీర్పు చెప్పినది. సంయమనమనిన కన్నులు మూసికొనుట కాదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. నేరము జరిగెనా లేదా యను ప్రశ్నలోనికి న్యాయస్థానము పోలేదు. దర్యాప్తు చేయువానికి ఆ అధికారము కలదా యను ప్రశ్నను మాత్రము విడిచిపెట్టలేదు.

ఏ సందర్భములందు హైకోర్టు కేసును మొదటిలోనే రద్దు చేయవచ్చునో ఆ తీర్పులో ఏడు విధములుగా చెప్పిరి. అన్నింటిని ఇచట ఏకరువు పెట్టనక్కరలేదు. ఫిర్యాదులో వ్రాసినదంతయు నిజమేయని తలచినను ఏ నేరమును కానరాకున్నచో రద్దు చేయవచ్చును. బుద్ధిగలవాడెవ్వడును నమ్మలేనంత అసంబద్ధముగా నున్నచో రద్దు చేయవచ్చును. చట్టమే స్పష్టముగా అడ్డగించుచున్నచో రద్దు చేయవచ్చును. పగ తీర్చుకొనుటకై దురుద్దేశముతో నడుపుచున్నట్లు ప్రకటముగా తెలియుచున్నచో రద్దు చేయవచ్చును. ఇవి ఉదాహరణములేగాని ముగింపు గల పట్టిక కాదనియు, అరుదైన వానిలో అరుదైన సందర్భముననే ఈ అధికారమును వాడవలెననియు హెచ్చరించిరి.

ఫిర్యాదులోనిది నిజమేయని తలచి చూచుట – ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని అక్కర ముందు రానున్నది.

మన తెలుగు ప్రాంతమునుండియే పోయిన ఒక కేసు ఈ సూత్రమును మరింత తేటపరచినది. కేంద్ర ప్రభుత్వోద్యోగినియైన ఒక అధికారిణిపైనను, ఆమె భర్తపైనను, ఆదాయమునకు మించి ఒక కోటి పదిలక్షల రూపాయలకు పైబడిన ఆస్తులున్నవని 2017లో సి.బి.ఐ. కేసు నమోదు చేసినది. 2020 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు దానిని రద్దుచేసినది. ఆదాయ వివరములను, పన్ను పత్రములను హైకోర్టు తానే పరిశీలించి, లెక్క సరిపోవుచున్నదని భావించుటయే అందులకు కారణము. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి కేసును పునరుద్ధరించినది. వారు దోషులని కాదు. ఆ మాట ఎచటను అనలేదు. ఆదాయమెంత, ఖర్చెంత, ఆస్తి యెట్లు వచ్చినది అను లెక్క దర్యాప్తులో తేలవలెను, విచారణలో సాక్ష్యముతో రుజువు కావలెను. నమోదు దశలోనే హైకోర్టు చిన్నపాటి విచారణ జరుపరాదు అనినది. నారుమడి దశలోనే పుట్లు కొలువబూనుట వంటిది అది.

అదే తీర్పు మరియొక సందేహమునకు జవాబు చెప్పినది. కేసు నమోదునకు ముందు ప్రాథమిక విచారణ తప్పనిసరియా? దీనికి పూర్వచరిత్ర కలదు. మద్రాసు రాష్ట్రపు హైవేల చీఫ్ ఇంజనీరుపై వచ్చిన కేసులో 1970లో సుప్రీంకోర్టు, ప్రజాసేవకునిపై అవినీతి కేసు బహిరంగముగా పెట్టుటకు ముందు తగిన ప్రాథమిక విచారణ చేయుట మంచిదనినది. కేసు పడిన మాత్రముననే నిజాయితీపరుని పరువు పోవుననుట దాని తాత్పర్యము. ఈ భయము నిరాధారము కాదు. 2013లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నేరసమాచారము వచ్చినచో కేసు నమోదు చేయక తప్పదని తీర్పు చెప్పుచు, అవినీతి కేసులందు ప్రాథమిక విచారణకు వెసులుబాటు నిచ్చినది. అయితే అది ముద్దాయి హక్కుగా అడుగగల విషయమా? కాదని 2019లో తెలంగాణ అవినీతి నిరోధక శాఖ నడిపిన ఒక కేసులోను, పైనచెప్పిన 2021 కేసులోను తేల్చిరి. విచారణ చేయదగునో లేదో ఫిర్యాదు స్వభావమునుబట్టి యుండును. సమాచారము స్పష్టముగా నున్నచో వెంటనే కేసు నమోదు చేయవచ్చును.

ఇక ‘స్టే’ సంగతి. గ్రామములందు ఈ మాటకున్న బలము మరి యే ఇంగ్లీషు మాటకును లేదు. "స్టే తెచ్చుకొన్నాడు" అనిన, గెలిచివచ్చినాడని అర్థము చేసికొందురు. నిజమునకు స్టే యనగా తాత్కాలికముగా నిలుపుట మాత్రమే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టములోని 19వ సెక్షనులో పార్లమెంటు ఈ విషయమున కఠినముగా వ్రాసినది: ఈ చట్టము క్రింద నడచు కేసులను ఏ న్యాయస్థానమును నిలుపరాదని. 2001లో సుప్రీంకోర్టు ఈ నిషేధము హైకోర్టు సహజాధికారమునకు సైతము అన్వయించునని చెప్పినది. అయినను కేసులు నిలిచిపోవుచునే యుండెను. 2018లో మరియొక అవినీతి కేసులో సుప్రీంకోర్టు, ఏ స్టే యైనను ఆరునెలలు దాటినచో, కారణములు వ్రాసి పొడిగించిననేగాని, తనంతట తాను రద్దగునని శాసించినది. ఈ తీర్పు చాలమందికి నచ్చినది. కాని 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చినది. కక్షిదారు తప్పేమియు లేకుండ, కేవలము కాలము గడచినందున అతనికిచ్చిన ఉత్తర్వు పోవుట న్యాయము కాదనిరి. కావున ఆరునెలలు గడచిన స్టే దానంతట అదే పోవునని ఎవరైన చెప్పినచో ఆ మాట నేడు చెల్లదు.

దర్యాప్తును ఆపివేయకున్నను, "అరెస్టు చేయరాదు, నిర్బంధ చర్యలు తీసికొనరాదు" అని కారణములు చెప్పకుండ హైకోర్టులు ఉత్తర్వులిచ్చుటను 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మందలించినది. ఆ కేసు అవినీతిది కాదు. కాని సూత్రము అన్ని కేసులకును చెల్లును.

ఇంతవరకు చెప్పినదంతయు న్యాయస్థానము అడ్డురాకుండుటను గూర్చి. కాని దర్యాప్తునకు అడ్డు న్యాయస్థానమునుండియే రానక్కరలేదు, ప్రభుత్వమునుండియు రావచ్చును. ఈ భాగమును వదలి సంయమనమును మాత్రమే పొగడుట సగము మాట చెప్పుటయగును. కేంద్రమున పెద్ద అధికారులపై విచారణ మొదలుపెట్టుటకు ముందు సి.బి.ఐ. ప్రభుత్వపు అనుమతి పొందవలెనని పూర్వమొక ఆదేశముండెను. హవాలా డైరీల కేసులో 1997 డిసెంబరున సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఆ కేసులోనే న్యాయస్థానము దర్యాప్తు నడచుచున్నదో లేదోయని తానే కనిపెట్టియుండెను. నిద్రించు దర్యాప్తును లేపుటకై అట్లు చేసినదేగాని, ఎవరు దోషులో చెప్పుటకు కాదు. అభియోగ పత్రము దాఖలైనపిమ్మట ఆ కనిపెట్టుట సైతము ముగియునని అనినది. 2003లో పార్లమెంటు ఆ అనుమతి నియమమునే చట్టరూపమున మరల తెచ్చినది. 2014 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనము దానినిగూడ కొట్టివేసినది: అవినీతిపరులలో పెద్దవారిని చిన్నవారినుండి వేరుచేసి రక్షించుట సమానత్వమునకు విరుద్ధమని.

2018 జూలైలో 17–ఎ అను కొత్త సెక్షను వచ్చినది. ఇది పెద్ద చిన్న తేడా లేకుండ ప్రజాసేవకులందరకు వర్తించును. ఉద్యోగధర్మమున చేసిన సిఫారసు లేక తీసికొన్న నిర్ణయము విషయమున విచారణ గాని దర్యాప్తు గాని చేయవలెనన్నచో ముందుగా అనుమతి పొందవలెను. అనుమతి నిచ్చువారు మూడు మాసములలో తేల్చవలెను; కారణములు వ్రాసి మరియొక మాసము పొడిగించుకొనవచ్చును. లంచము పుచ్చుకొనుచుండగా అక్కడికక్కడే పట్టుకొను కేసులకు ఈ అనుమతి అక్కరలేదు. 2018కి ముందు జరిగిన చర్యలకు ఈ సెక్షను ఏ మేరకు వర్తించునను విషయమున, ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన ఒక కేసులో 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. నిజాయితీతో నిర్ణయము తీసికొనువానికి ధైర్యమిచ్చుటకే ఈ సెక్షనని సమర్థించువారు కలరు. దొంగకు తాళము చెవి యిచ్చినట్లని విమర్శించువారును కలరు. రెండు మాటలందును కొంత నిజమున్నదని మాకు తోచుచున్నది.

ఇది కాక, దర్యాప్తు ముగిసి కేసు న్యాయస్థానమున విచారణకు స్వీకరింపబడుటకు ముందు 19వ సెక్షను క్రింద మరియొక అనుమతి కావలెను. ఈ రెండింటిని కలగాపులగము చేయరాదు. మొదటిది దర్యాప్తునకు ముందు, కొన్ని నిర్ణయములకు మాత్రమే. రెండవది విచారణకు ముందు.

ఇచట సర్పంచులు, వార్డు సభ్యులు తమ సంగతి తెలిసికొనవలెను. పదవి కారణమున ప్రజాకార్యము చేయవలసిన ప్రతివాడును 1988 చట్టము దృష్టిలో ప్రజాసేవకుడే. జీతము లేకున్నను, ఎన్నికైనవాడైనను ఇందులకు మినహాయింపు లేదు. ఇంటి ప్లానుకు, నీటి కుళాయికి, ధ్రువపత్రమునకు డబ్బడిగినచో మూడేండ్లనుండి ఏడేండ్లవరకు శిక్ష కలదు. కావలసిన అనుమతిని ఆ సభ్యుని పదవినుండి తొలగించు అధికారము గలవారు ఇత్తురు. అనగా అధికారులకు వర్తించు రక్షణలు, కట్టుబాట్లు రెండును సభ్యులకు వర్తించును. తనపై కేసు పడిన సభ్యుడు హైకోర్టుకు పోయినను వినవలసిన జవాబు అదియే: దర్యాప్తు కానిమ్ము, నీ మాట, నీ లెక్క, నీ సాక్షులు విచారణలో వినబడును. ఇది కష్టముగా తోచవచ్చును. నిర్దోషికి ఆ రెండు మూడేండ్లును బరువే. విచారణను రెండేండ్లలో ముగింప యత్నింపవలెనని చట్టమున వ్రాసిననుగాని, ప్రత్యేక న్యాయస్థానములలో కేసులు అంతకంటె మిక్కిలి కాలము సాగుట మనమెరిగినదే. న్యాయస్థానము చూపు సంయమనమునకు ధర ఉన్నది. దానిని చెల్లించువారిలో నిర్దోషులును ఉందురు.

ఇపుడు మొదట చెప్పుకొన్న రోడ్డు అర్జీకి వత్తము. ఆ అధికారి హైకోర్టుకు పోయినపుడు న్యాయమూర్తి ముందునకు వచ్చునది ముఖ్యముగా మీరు వ్రాసిన ఆ కాగితమే. అందులోనిది నిజమేయని తలచి, నేరము కనబడుచున్నదా యని ఆయన చూచును. "ఫలానా అధికారి మహా అవినీతిపరుడు, ఊరినంతటిని దోచినాడు" అని నాలుగు పుటలు వ్రాసినను, దానిని నిజమని తలచినను, చట్టమున చెప్పిన నేరమేదియు అందు కనబడకపోవచ్చును. "మంజూరైన పొడవు ఇంత, కొలతల పుస్తకములో వ్రాసినది ఇంత, గ్రామసభ ఎదుట కొలిచినపుడు తేలినది ఇంత, బిల్లు చెల్లించిన తేదీ ఇది, కొలత వ్రాసి సంతకము చేసినవారు వీరు" అని పది పంక్తులు వ్రాసినచో ఆ కాగితము తనంతట తాను నిలబడును. ఫిర్యాదుదారునకు ఆ అధికారితో పాత తగవున్నను కేసు అంతమాత్రమున పడిపోదని భజన్‌లాల్ తీర్పు చెప్పుచున్నది. కాని తగవు తప్ప మరేమియు లేని కాగితము పడిపోవునని అదే తీర్పు చెప్పుచున్నది.

కొలతల పుస్తకపు పుటలు, చెల్లింపు వివరములు సమాచార హక్కు చట్టము క్రింద అడిగి తీసికొనవచ్చును. సాధారణముగా 30 దినములలో ఈయవలెను. గ్రామసభలో కొలిచిన కొలతను మినిట్సు పుస్తకమున వ్రాయించి, హాజరైనవారి సంతకములు తీసికొని, తీర్మానపు నకలును అర్జీకి జతపరుపవలెను. రోడ్డు ఆగిన చోటున నిలుచుండి తీయించిన ఛాయాచిత్రమును, తీసిన తేదీ వ్రాసి, దానితో చేర్చుట మరువరాదు. వర్షాకాలము దాటినచో ఆ చోటు గుర్తుపట్టుట కష్టము.